కాల్చకుండా పాస్ చేసిన యాభై పేజీలు

మా స్టాంపుల క్లబ్బుకి కొత్తగా వచ్చే కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "సర్, ఏ పేజీలు కొనాలి?" స్టాంపుని ఎలా చూడాలని అడగరు, దాని గురించి ఏం చదవాలని అడగరు. అన్నం వండకముందే కంచం కొనే తరం. నేను ముప్పయ్యేళ్ల పైచిలుకు భిలాయి ఉక్కు కార్ఖానా ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ణి గనక ప్లాస్టిక్ సంగతులన్నీ నాకు తెలుసని వాళ్ల నమ్మకం. తెలుసు, కాదనను. తెలిసి కూడా ఏం చేశానో చెబుతాను. విన్నాక నా సలహా తీసుకోవాలో వద్దో మీరే తేల్చుకోండి.

స్టాక్ పేజీ అంటే స్టాంపుని జిగురు పెట్టి అంటించకుండా దూర్చి దాచుకునే పేజీ. కొన్నిటికి నల్లటి అట్ట మీద సన్నటి ప్లాస్టిక్ పట్టీలుంటాయి. కొన్ని మొత్తం ప్లాస్టిక్‌తోనే, గదులు గదులుగా, ముందూ వెనకా కనబడేలా ఉంటాయి. నా కథ రెండో రకానిది.

కార్ఖానాలో నా పని కొలిమిల దగ్గర కాదు. బయటినుంచి వచ్చే సరుకులో రబ్బరు, ప్లాస్టిక్ సామాను పరీక్షించి పాస్ అనో ఫెయిల్ అనో రాయడం. చేతి తొడుగులు, వాన కోట్లు, కరెంటు తీగల పైతొడుగు, ఇలాంటివి. అందులో ఒక చిన్న పరీక్ష ఉండేది. రాగి తీగని మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కి తాకించి, మళ్లీ మంటలో పెడతాం. మంట ఆకుపచ్చగా లేస్తే అది పి.వి.సి. పి.వి.సి. చెడ్డదేమీ కాదు, చెప్పులకీ పైపులకీ భేషైన సరుకు. కానీ దాన్ని మెత్తగా చేయడానికి నూనెలాంటిదొకటి కలుపుతారు. అది ఏళ్ల తరబడి మెల్లగా బయటికి ఊరుతూ ఉంటుంది. ఊరి, దగ్గరున్న రంగునీ సిరానీ తనలోకి లాక్కుంటుంది. స్టాంపులకి అది పనికిరాదని చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు.

సరుకు కొనేముందు అమ్మేవాడు ఒక నమూనా పంపేవాడు. దాన్ని పరీక్షించి, బాగుంటే మూల మీద ఎర్ర పెన్సిల్‌తో సంతకం చేసి బీరువాలో దాచేవాళ్లం. అసలు సరుకు వచ్చినప్పుడు ఆ నమూనా పక్కన పెట్టి పోల్చి, సరుకులోంచి కూడా ఒకటి లాగి కాల్చి చూడాలి. కొత్తగా చేరినవాళ్లకి నేను దీని మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చేవాణ్ణి. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. కానీ ఆ మెతుకు ఆ కుండలోదే అయి ఉండాలి" అని. మంచి నమూనా చూపించి నాసిరకం సరుకు తోసే ఘనుల్ని ఎంతమందిని పట్టుకున్నానో. పట్టుకున్నప్పుడల్లా మీసం మెలేసేవాణ్ణి.

మా ఆఫీసులో ఉత్తరాలు విప్పి పంచే ఉద్యోగి ఒకాయన ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. నాకంటే పదేళ్లు చిన్న. నన్ను బావా అనేవాడు. చుట్టరికమేమీ లేదు, సెక్టర్ 2లో నా క్వార్టరుకి రెండు వీధుల అవతల ఉండేవాడు, అంతే. ల్యాబుకి దేశం నలుమూలల నుంచీ, ఒక్కోసారి బయటి దేశాల నుంచీ కవర్లు వచ్చేవి. పనికిరాని కవర్లు పారేసేముందు స్టాంపుని కవరు ముక్కతో సహా కత్తిరించి దాచుకునేవాడు. నాకూ స్టాంపుల పిచ్చి ఉంది గనక ఈ విషయంలో మా ఇద్దరికీ పోటీ. అయితే అతను ఒక వింత పని చేసేవాడు. ముక్క వెనకవైపు బాల్‌పెన్నుతో రెండు లైన్లు రాసేవాడు.

"ఏటి రాస్తన్నావోయ్?" అన్నానొకసారి.

"డైరీ, బావా. పుస్తకం కొంటే పేజీ నింపాల. రోజుకో పేజీ నింపీసేటంత బతుకు నాకేటున్నాది? దీని ఎనకాల రెండు లైన్లే పడతాయి. సరిపోద్ది."

నేను నవ్వి, వెనక రాస్తే స్టాంపు విలువ పోతుందని హెచ్చరించాను. "పోతే పోనీ, బావా" అన్నాడు.

మామూలు జ్వరమనుకున్నది అతన్ని వారంలో తీసుకుపోయింది. కూతురికి ఆరేళ్లు. భార్యకి కార్ఖానాలో చిన్న ఉద్యోగమొకటి దొరికింది. కొన్ని నెలలు గడిచాక ఆమె మూడు చెప్పుల పెట్టెలు పట్టుకుని మా క్వార్టరుకి వచ్చింది. మూత తీస్తే స్టాంపు ముక్కలు, నెలకో కట్ట చొప్పున తెల్ల దారంతో కట్టి ఉన్నాయి. కొన్నిటి అంచులు పురుగు కొట్టేసింది.

"అన్నయ్యా, నాకు అచ్చరం ముక్క రాదు" అంది. "ఏటి రాసినారండీ అంటే నవ్వీసి ఊరుకునేవోరు. పాప ఇస్కూల్లో ఇందీయే నేర్పుతన్నారు. ఎప్పుడో తెలుగు నేర్సుకుని నాన్న రాసింది సదువుకుంటాది. అంతదాకా ఇయి పాడవకుండా సూడండి. ఎనకది కూడా కనబడాల."

ఆమె అడిగింది అదొక్కటే. స్టాంపుల గురించి ఒక్క మాట కూడా అడగలేదు. నేను విన్నది మాత్రం స్టాంపుల గురించే.

పనిని నేను మా ఆఫీసు తరహాలోనే మొదలుపెట్టాను. ముగ్గురు వర్తకులకి ఉత్తరాలు రాసి నమూనాలు తెప్పించాను. ఒకటి నల్ల అట్టది, వెనకవైపు కనబడదు గనక పక్కన పెట్టాను. రెండోదాన్ని కాలిస్తే మంట ఆకుపచ్చగా లేచింది. మూడోది బిరుసుగా ఉంది. వంచితే కాగితంలా పెళపెళమంది, వాసన లేదు, మంటలో రంగు లేదు. మూల మీద ఎర్ర పెన్సిల్‌తో సంతకం చేసి, యాభై పేజీలు పంపమని రాశాను. ముక్కలు నాలుగు వందలు, పేజీకి ఎనిమిది గదులు.

పార్సెల్‌ని ల్యాబులోనే విప్పాను. నమూనా పక్కన పెట్టి పొడవూ వెడల్పూ చూశాను, సరిపోయాయి. గదుల లెక్క సరిపోయింది. చేతికి కొంచెం మెత్తగా తగిలాయి. ఎండాకాలం కదా అని సర్దిచెప్పుకున్నాను. నా పక్క బల్ల దగ్గర పనిచేసే ఛత్తీస్‌గఢీ అమ్మాయి అప్పటికే రాగి తీగ పట్టుకుని బర్నరు దగ్గర నిలబడింది. ఆ విద్య నేను నేర్పిందే.

"సర్, ఏక్ తో జలాకే దేఖ్ లేతే హైఁ" అంది, ఒకటి కాల్చి చూద్దామని.

లెక్కకి సరిగ్గా యాభై ఉన్నాయనీ, ఒకటి కాలిస్తే ఎనిమిది ముక్కలకి చోటుండదనీ హిందీలో చెప్పాను. కాల్చక్కర్లేదు, మూల చిన్న ముక్క కత్తిరిస్తే చాలంది. చచ్చిపోయిన స్నేహితుడి జ్ఞాపకాలు దాచే పేజీని మూల కత్తిరించి ఇవ్వడం నాకు అశుభంగా తోచింది. "యే స్టోర్స్ కా మాల్ నహీఁ హై, ఘర్ కా కామ్ హై" అని, ఇది కార్ఖానా సరుకు కాదు ఇంటి పనేనని చెప్పి, ఆమె చేతిలోని తీగ తీసి బల్ల మీద పెట్టేశాను. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి తన పనిలో పడిపోయింది. ఎవరో కూలివాడి చేతి తొడుగుకి చేసే పరీక్షని స్నేహితుడి చేతిరాతకి చేయలేదు నేను. దాన్ని అప్పుడు ఆప్యాయత అనుకున్నాను.

రెండు ఆదివారాలు వాళ్ల క్వార్టర్లో కూర్చుని ముక్కలన్నీ పేజీల్లో పెట్టాను. కట్టల దారాలు బ్లేడుతో తెంపుతుంటే ఆమె వంటింట్లోంచి వచ్చింది.

"అదేటన్నయ్యా, తెంపీస్తన్నారు? ఆయన నెలల వరసని కట్టుకున్నారు."

"అలగ కాదమ్మా. దేశాల వరసని పెట్టాల. పద్ధతదీ" అన్నాను.

చదువుకున్నవాడు, ఆఫీసరంతటివాడు చెబుతున్నాడని ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయింది. రష్యా ఒకచోట, జపాను ఒకచోట, మన దేశానివి ఏళ్ల వారీగా. ముద్ర ఎంత స్పష్టంగా పడింది, అంచు పళ్లు విరగకుండా ఉన్నాయా, రంగు వెలిసిందా, ఇవే చూసుకుంటూ ఒక్కొక్కటీ పట్టుకారుతో దూర్చాను. నాకది గొప్ప ఆనందంగా ఉండింది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

రెండో ఆదివారం అన్నీ అయ్యాక పేజీల కట్ట ఆమె చేతికిచ్చాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"రబ్బరు సెప్పుల కొట్లో వాసనేస్తంది, అన్నయ్యా."

"కొత్తది కదమ్మా. నాలుగు రోజులకి పోద్ది."

నా ముక్కుకి ఏ వాసనా రాలేదు. ఏళ్ల తరబడి రబ్బరూ ప్లాస్టిక్కూ కాల్చిన పొగ పీల్చిన ముక్కు అది, ఎప్పుడో మొద్దుబారింది. మెత్తటి పి.వి.సి.కి ఉండే వాసన సరిగ్గా అదే, చెప్పుల కొట్టు వాసన. అక్షరం రాని మనిషి ఒక్క క్షణంలో పరీక్ష చేసి ఫలితం చెప్పింది. నేను ఆ ఫలితాన్ని కొట్టిపారేశాను. అంతటితో ఆగానా? గాలి తగలకూడదు, తేమ తగలకూడదు అని కట్టని పాలిథీన్‌లో బిగించి చుట్టి, మాటిమాటికీ విప్పొద్దని గట్టిగా చెప్పాను. ఆమె నా మాటని వేదవాక్కులా పాటించింది. పద్నాలుగేళ్లు. ఇనప బీరువాలో, పట్టుచీరల దొంతర కింద, భిలాయి ఎండల్లో.

ఎర్ర సంతకమున్న నమూనా పేజీ నా దగ్గరే ఉండిపోయింది. వృథా ఎందుకని నా స్టాంపులు ఎనిమిది అందులో పెట్టుకున్నాను. అవి ఈ రోజుకీ మచ్చ లేకుండా ఉన్నాయి. ఆ రోజు ఒకటి కాల్చి ఉంటే, ఆ ఎనిమిది ముక్కలకి చోటు ఇదే అయ్యేది.

నేను రిటైరయ్యాను. వాళ్లు టౌన్‌షిప్ బయట కోహ్కాలో రెండు గదుల ఇల్లు కట్టుకుని వెళ్లిపోయారు. పాప కాలేజీకి వచ్చింది. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే ఇంట్లో తెలుగు వింటుంది, జవాబు హిందీలో చెబుతుంది. కిందటేడు తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టిందట. ఫోన్లో చూసి దిద్దుకునేది. చదవడానికి తెలుగు బోర్డులు ఇక్కడెక్కడ దొరుకుతాయి? వాళ్లమ్మ దాచిన పెళ్లి శుభలేఖలన్నీ ముందేసుకుని కూడబలుక్కునేదట. ఈ ఎండాకాలం నాకు ఫోన్ చేసింది.

"మావయ్యా, అబ్ మైఁ పఢ్ లేతీ హూఁ. నాకు చదవడం వచ్చేసింది. నాన్న స్టాంపులు తీస్తున్నాను. మీరు పెట్టారు కదా, మీరుంటేనే తీస్తాను."

స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. సన్మానానికి వెళ్లినట్టే వెళ్లాను, అబద్ధమెందుకు?

మంచం మీద దుప్పటి పరిచి ఉంది. పాప పక్కన ఒక కొత్త నోటుపుస్తకం, పెన్ను. తల్లి బీరువాలోంచి కట్ట తీసింది. పాలిథీన్ విప్పుతుంటేనే నా వేళ్లకి జిడ్డు తగిలింది. పేజీలు తడి అప్పడాల్లా ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మొదటి రెండూ విడదీస్తే సర్రుమని చప్పుడైంది. స్టాంపుల ఎరుపు గులాబీ రంగైంది. వెనక్కి తిప్పాను. రాత ఉండాల్సిన చోట నీలం మరక. రెండో ముక్క, అదీ మరకే. పదో పేజీ, ఇరవయ్యో పేజీ. సిరా కాగితాన్ని వదిలి ప్లాస్టిక్‌లోకి వెళ్లిపోయింది, అక్కడ పాకి పక్క గదిలోకీ వెళ్లింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు కదా, ఆ రోజు నేను చేసిందదే. అద్దం తెమ్మన్నాను. ప్లాస్టిక్ మీద అచ్చుపడ్డ రాత తిరగబడి ఉంటుంది గనక అద్దంలో చూస్తే చదవొచ్చని. భూతద్దం పట్టుకుని కిటికీ దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. పాప నా భుజం పక్కనే ఉంది. ఒకచోట "వాన" అన్నట్టు తోచింది. "వా... న" అని పాప పైకి చదివింది. ఆ పిల్ల తండ్రి చేతిరాతలో చదివింది ఆ ఒక్క మాటే. అది కూడా వానో, మరేదైనా మాటలో ముక్కో నాకు నమ్మకంగా తెలియదు.

ఇంట్లో పాత కరెంటు తీగ ఉంటే తెమ్మన్నాను. పైతొడుగు పూర్తిగా ఒలిచి, రాగి తీగని పట్టుకారుతో పట్టుకుని వంటింట్లో గ్యాసు పొయ్యి మీద కాల్చాను. ఎర్రబడ్డాక ఒక పేజీ మూలకి తాకించి మళ్లీ మంటలో పెట్టాను. మంట చక్కటి ఆకుపచ్చ రంగులో లేచింది.

"ఏటన్నయ్యా అది?" అంది తల్లి.

చెప్పాను. నమూనా వేరు, వచ్చిన సరుకు వేరు అని చెప్పాను. వచ్చిన రోజే ఇలా కాల్చి చూడవలసిందనీ, కాల్చిచూద్దామన్న అమ్మాయిని నేనే ఆపాననీ చెప్పాను. పంపినవాడు మోసం చేసి ఉండొచ్చు, పొరపాటే పడి ఉండొచ్చు. ఆ మోసాలు పట్టుకోవడానికే కదా నాకు జీతమిచ్చింది. ఆమె పొయ్యి ఆపేసింది.

"ఆయేళే వాసనొస్తందన్నాను కదన్నయ్యా" అంది. కోపంగా అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది.

ఇక మీ ప్రశ్నకి జవాబు. పేజీ మీద పి.వి.సి. కాదని రాసి ఉందా చూడండి, ఉన్నా నమ్మకండి. వాసన చూడండి. మీ ముక్కు మీద మీకు అనుమానముంటే ఇంట్లో ఆడవాళ్లనో చిన్నపిల్లలనో అడగండి, వాళ్లు చెప్పింది వినండి. మంచి పేజీ బిరుసుగా ఉంటుంది, జిడ్డుగా సాగదు. అట్ట పేజీ అయితే పుల్లటి వాసన రాకూడదు, పట్టీ స్టాంపుని పట్టి ఉంచాలి గానీ నొక్కకూడదు. లెక్కకి సరిపడా కొనకండి, ఒకటి ఎక్కువ కొనండి. ఆ ఒక్కటీ సరుకులోంచి తీసి పాడుచేయండి. పేజీలు నిలబెట్టి దాచండి, మీద బరువు పెట్టకండి, ఏడాదికి రెండుసార్లైనా తెరిచి చూడండి. అన్నిటికంటే ముందు, లోపల పెట్టేముందే ముందూ వెనకా ఫొటో తీసుకోండి. ఇవన్నీ నేర్చుకోవడానికి అయిన ఖర్చు నాది కాదు, అదే బాధ.

ఆ రోజు అక్కడితో అయిపోలేదు. తల్లి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. పాప నోటుపుస్తకం ఒళ్లో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది. పుస్తకం తెరిచి ఉంది. మొదటి పేజీ అంచున ఒకటి, రెండు, మూడు అని అంకెలు కిందిదాకా వేసుకుని ఉంచింది. చదివినవన్నీ వరసగా రాసుకుందామనుకుందట.

"మావయ్యా, ఒక్కొక్కటీ మీ చేత్తోనే పెట్టారు కదా. మీకు యాద్ ఉన్నవి చెప్పండి. నేను రాసుకుంటాను."

నేను కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాను. పేజీల్లో పెడుతున్నప్పుడు కంటబడ్డవి మూడు దొరికాయి. 'పాలవాడు రాలేదు. ల్యాబులో ఎవరికీ టీ లేదు. నేను మాత్రం తాగాను.' ఇది ఒకటి. 'బావకి కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీదు, బావక్కూడా తెలీదు.' ఇది నా గురించే గనక గుర్తుండిపోయింది. 'రైల్లో చోటు దొరకలేదు. ఊరికి పోలేదు.' మూడూ చెప్పాను. ఆమె ఒత్తులూ దీర్ఘాలూ అడుగుతూ, పెద్ద పెద్ద అక్షరాలతో మెల్లగా రాసుకుంది. పెన్ను నాలుగో అంకె దగ్గర పెట్టి తలెత్తింది.

"నా గురించి?"

అతనికి ఆ పిల్లంటే ప్రాణం. ఆరేళ్లలో ఆమె గురించి ఎన్నిసార్లు రాసుంటాడో. మొదటి పన్ను, మొదటి అడుగు, స్కూలుకి వెళ్లనని ఏడ్చిన రోజు. అతని మాట తీరు నాకు కంఠతా వచ్చు. అప్పటికప్పుడు పది కల్పించి చెప్పగలను, ఎవరూ పట్టుకోలేరు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ చూడకుండా ఒకసారి పాస్ అన్నాను, మళ్లీ అనలేకపోయాను.

"రాసే ఉంటాడమ్మా. నాను చూళ్లేదు."

"నాలుగు వందలూ చేత్తో పట్టుకున్నారు కదా?"

"పట్టుకున్నాను."

"చదవలేదా?"

"స్టాంపులు చూశాను, తల్లీ."

ఆమె పుస్తకం మూసి, పెన్ను దాని మీద పెట్టి నా చేతికిచ్చింది.

"కభీ యాద్ ఆయే తో లిఖ్ దేనా, మావయ్యా. గుర్తొచ్చినప్పుడు తెలుగులోనే రాయండి. నేను చదువుకుంటాను."

ఆ పుస్తకం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. రోజూ పొద్దున్నే తెరిచి కూర్చుంటాను. నాలుగో అంకె ఎదురుగా ఇంకా ఏమీ రాయలేదు.